చేదు తగిలితే ఉమ్మెయ్

దొరువులోకి దిగు. చెప్పులు గట్టు మీదే వదిలెయ్. ఇసుక జారుతుంది, మడమ దిగేసుకుంటూ మెల్లగా అడుగెయ్. ఇంకా తెల్లారలేదు. తూర్పున సర్వి తోట వెనక ఎర్రజీర ఒక్కటే కనపడుతోంది. ఆ తోట దాటితే మైపాడు సముద్రం. అలల హోరు వినపడుతోంది గానీ గాలి మాత్రం లేదు. మే నెల. రాత్రంతా ఆకు కదల్లేదు. ఇంకాస్త పొద్దెక్కితే ఈ ఇసుక మీద కాలు పెట్టలేవు. ఈలోపల మూడు సొరపాదులకీ నీళ్లందాలి.

దొరువంటే బావి కాదు. దీనికి వరలు దించలేదు, మోటారు పెట్టలేదు. ఇసుకలో ఏటవాలుగా తవ్విన గుంట, అడుగున మోకాలి లోతు నీళ్లు. బిందె ముంచు. అంత కిందికి వద్దు! పక్కకి వంచి పైపై నీళ్లే లోపలికి రానియ్యి.

ఎందుకో తెలియాలంటే దోసిట్లోకి తీసుకుని గుక్కెడు తాగు. మంచినీళ్లు. సముద్రాన్ని ఇంత దగ్గర్లో పెట్టుకుని మంచినీళ్లెట్లా వచ్చాయి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కురిపించిన వాన ఈ ఇసుకలోకి ఇంకింది. కిందనున్న ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి, నీళ్ల మీద నూనె తేలినట్టు, దాని మీద పొరలా నిలబడింది. నువ్వు తోడుతున్నది ఆ పొరని. పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు 40 అడుగుల దాకా పైకి రావడానికి చూస్తుందని భూగర్భ జలాలవాళ్ల లెక్క. దొరువు దగ్గర ఆత్రం పనికిరాదనేది అందుకే.

రెండు బిందెలూ కావడికి తగిలించుకుని పైకెక్కు. మొదట్లో ఎర్ర గుడ్డ పీలిక కట్టిన పాదుకి పొయ్యి. మళ్లీ దిగు. తెల్ల పీలిక పాదుకి. మళ్లీ దిగు. తోడిన ప్రతిసారీ ఒక చుక్క నాలుక మీద వేసుకో. మూడోదైన నీలం పీలిక పాదు సగం తడిసేసరికి నాలుక చివర కొద్దిగా ఉప్పు తగులుతుంది.

ఇంకో రెండు బిందెలు పోస్తే ఆ పాదు పని కూడా అయిపోతుంది. తోడతావా?

తోడకు. ఇసుకలోంచి మళ్లీ మంచినీరు ఊరాలి, సాయంత్రం దాకా ఆగాల్సిందే. ఉప్పునీళ్లు పోస్తే ముందు ఆకుల అంచులు మాడతాయి, తర్వాత పిందె రాలిపోతుంది. రొయ్యల గుంటల పక్కన పెరడున్న వాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పందిరి కిందికి రా. నాలుగు సర్వి గుంజలు, అడ్డంగా వెదుళ్లు, వాటి మీద చేపలవాళ్లు పక్కన పడేసిన పాత నైలాన్ వల. వల కన్నుల్లోంచి నులితీగలు మెలికలు తిరిగి పైకి పాకాయి. జనవరి ఆఖర్లో గింజ పెట్టిన తీగలివి. ఉత్త ఇసుకలో సొర బతకదు. గుంట తీసి, చెరువు ఒండ్రు, చివికిన పేడ ఎరువు నింపి, అప్పుడు గింజ వేశారు. రెండాకుల మొలకప్పుడు ఎర్ర పెంకు పురుగు వచ్చి ఆకుల్ని జల్లెడ చేసేసింది. పొద్దున్నే మంచు తడి ఆరకముందు బూడిద చల్లితే నిలిచాయి. గంధకం మాత్రం చల్లకూడదు, సొర జాతి తట్టుకోదు, ఆకు కాలిపోతుంది.

ఒక్కో తీగ మొదట్లో ఒక్కో రంగు గుడ్డ పీలిక ఎందుకని అడుగుతావేమో. అవ్వ పెట్టిన గుర్తులవి.

“అబ్బయా, పందిరెక్కినాక అన్నీ ఒకటే మాదిరి కనపడతాయి. కాయ యాడుందో కాదు, దాని మొదలు యాడుందో తెలవాల.”

తల పైకెత్తు. నీ నుదుటికి తగిలేంత కిందికి వేలాడుతోంది ఒక కాయ. పొట్ట గుండ్రం, మెడ పొట్టి, లేత ఆకుపచ్చ మీద తెల్లటి మచ్చలు. అంగట్లో దొరికే పొడుగు సొర కాదిది. పూసా సమ్మర్ ప్రొలిఫిక్ లాంగ్, అర్క బహార్ లాంటి రకాలు వచ్చాక, వాటి వెనక హైబ్రిడ్లు వచ్చాక, అంగడి సొర అంటే నిటారు సొరే అయిపోయింది. లారీలో పేర్చడానికి అదే వీలు. పొట్ట సొర పెరళ్లలో మిగిలింది. నాటుది అనగానే అమృతం అనుకోకు. కాపు తక్కువ, కాయకీ కాయకీ పోలిక ఉండదు, రెండు రోజులు ఏమరితే ముదిరిపోతుంది. దాని గొప్పదనం వేరే ఉంది: గింజ నీ చేతిలో ఉంటుంది. హైబ్రిడ్ కాయలోంచి గింజ తీసి వేస్తే తల్లిని పోలిన కాయ వస్తుందన్న నమ్మకం లేదు. దీంట్లో ఉంది. కాకపోతే ఒక షరతు మీద. ఆ షరతు ఏంటో చీకటి పడ్డాక నీకే తెలుస్తుంది.

కాయ మీద చెయ్యి వెయ్. లేత నూగు వేలికి మెత్తగా తగులుతోంది. గోరు గుచ్చు. తొక్క దిగి, పచ్చి వాసనతో చిన్న నీటిబొట్టు పైకొచ్చింది. లేతది. నూగు రాలిపోయి, గోరు దిగకుండా జారితే ముదిరినట్టు.   సొర పుట్టిల్లు ఆఫ్రికా. అట్లా ముదిరి ఎండిన సొరబుర్ర సముద్రంలో నెలల తరబడి తేలినా లోపలి గింజ చావదు. అట్లాంటిక్ అవతలికి సొర అట్లా కొట్టుకుపోయే చేరిందని 2014లో జన్యు పరీక్షలు చేసిన శాస్త్రవేత్తలు తేల్చారు.

మూడు గంటలు. ఎండ వల కన్నుల్లోంచి చుక్కలు చుక్కలుగా కిందపడుతోంది. సముద్రం గాలి ఇప్పుడే లేచింది, చెమట చల్లబడుతోంది. దారం ఉండ తీసుకో. పందిరి మీద రేపటి మొగ్గలు కాదు, ఈ సాయంత్రమే విచ్చుకునే మొగ్గలు వెతకాలి. ఆకుపచ్చ తగ్గి, కొస తెల్లబడిన మొగ్గలు. సన్నటి పొడుగు కాడ మీద ఒంటిగా నిలబడింది మగది. కింద బొటనవేలంత నూగు పిందె ఉన్నది ఆడది. మగవే ఎక్కువ, ఆడవి తక్కువ. ఎండ ముదిరేకొద్దీ ఇంకా తగ్గుతాయి. తీగ కొస తుంచితే పక్కకొమ్మలొస్తాయి, ఆడపూలు వాటి మీదే బాగా పడతాయి.

ఎర్ర పీలిక తీగ మీద ఒక ఆడమొగ్గ దొరికింది. విచ్చుకోకముందే రేకుల కొసలు చుట్టి దారంతో కట్టు. గట్టిగా బిగించకు, రేకు చిరుగుతుంది. రెండు మగమొగ్గలు కూడా కట్టు. ఒకటి అదే తీగది. రెండోది వేరే తీగదైతే మంచిది. ఒకే తీగతో ఏళ్ల తరబడి గింజ కడితే జాతి నీరసిస్తుంది. నీకు చెయ్యందే ఎత్తులో నీలం పీలిక తీగ మగమొగ్గ కనపడింది. దాన్నీ కట్టేశావు.

ఎందుకింత కష్టం అంటే, సొరపువ్వు పగటి పువ్వు కాదు. గుమ్మడి తెల్లవారుజామున పూసి తేనెటీగల్ని పిలుస్తుంది. సొర సాయంత్రం పూసి రాత్రి తిరిగే హాక్‌మాత్ అనే రెక్కల పురుగుల్ని పిలుస్తుంది. అవి చాలా దూరం ఎగురుతాయి. ఏ కంచె మీద పాకిన ఏ తీగ పుప్పొడిని మోసుకొస్తాయో నీకు తెలియదు. కట్టిన పువ్వులోకి అవి దూరలేవు.

ఆరు దాటింది. చుట్టూ తెల్లపూలు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్నాయి. దారాలు విప్పు. మగపువ్వు రేకులు ఒలిచెయ్. మధ్యలో పుప్పొడి పట్టిన కాడ మిగులుతుంది. ఆడపువ్వు లోపలికి దాన్ని తాకించి మెల్లగా తిప్పు. రెండో మగపువ్వుతోనూ అట్లాగే. ఆడపువ్వుని మళ్లీ కట్టెయ్. పిందె కాడకి పసుపు దారం ముడి వెయ్. ఇది విత్తనం కాయ, ఎవరూ కొయ్యకూడదని గుర్తు. పండు ఈగ పుల్లతో పొడిచినట్టు పొడిచి గుడ్లు పెట్టకుండా కాగితం సంచి తొడుగు.

ఇంట్లోకి రా. ఆకలేస్తోంది కదా. చిన్నత్త ఎండు రొయ్యల్ని మూకుట్లో వేయించి, తలలు తుంచి, నీళ్లలో నానబెట్టింది. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గుతున్నాయి. ఇల్లంతా రొయ్యల వాసన. కత్తిపీట ముందు నువ్వు కూర్చున్నావు. రెండు కాయలు. ఒకటి ఎర్ర పీలిక తీగది, ఆ తీగ కాయలు పదిరోజులుగా తింటున్నవే. రెండోది నీలం పీలిక తీగ మొదటి కాయ, ఈ పూటే కోసింది.

ఎర్రదాన్ని తొడిమ దగ్గర కొయ్యి. గోరంత ముక్క. పచ్చిదే నోట్లో వేసుకో. నీరు, కాస్త తీపి, పచ్చగడ్డి వాసన. నమిలితే చప్పుడు కూడా రాదు, కరిగిపోతుంది. మింగెయ్. బాగుంది.

నీలందాన్ని కొయ్యి. లోపల అదే తెలుపు. గింజలు అంతే లేత. వాసన తేడా లేదు. ముక్క నాలుక మీద పెట్టు.

ఏమీ లేదు.

నమిలావు.

చేదు.

కాకర చేదు కాదిది. గొంతు పట్టేసే చేదు. నాలుక మొదట్లో మంట.

“ఉమ్మెయ్!” అవ్వ అరుస్తోంది. “మింగబాక. ఉమ్మెయ్ ముందు!”

ఉమ్మెయ్. నోరు పుక్కిలించు. మళ్లీ పుక్కిలించు.

చిన్నత్త పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూస్తోంది. నూనె మాడుతోంది. పక్క గదిలో కంచాలు పెట్టేశారు. “చింతపండు కొంచెం ఎక్కువేస్తే తెలవదులే. ఒక్క కాయకి ఇంత రాద్ధాంతమా?”

నిర్ణయం నీదే. కత్తిపీట నీ ముందుంది.

చింతపండు చేదుని కప్పుతుంది, విషాన్ని తియ్యదు. ఆ చేదు పేరు కుకుర్బిటాసిన్. పురుగులూ పశువులూ తినకుండా మొక్క చేసుకునే రక్షణ. ఉడికించినా విరగదు. తిన్న కొద్దిసేపటికో, కొన్ని గంటలకో మొదలవుతుంది. కడుపులో నొప్పి. వాంతులు. విరేచనాలు. కొందరికి రక్తం పడుతుంది. బీపీ జారిపోతుంది. విరుగుడు మందంటూ లేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి కాపాడుకోవాల్సిందే. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొర రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం వేసింది. ముందు ముక్క రుచి చూడండి, చేదుంటే పారెయ్యండి, తాగాక ఒంట్లో తేడా చేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి అని వాళ్లు చెప్పారు. రసం మరీ ప్రమాదం, ఎందుకంటే గ్లాసులో కాయంతా ఒకేసారి కడుపులోకి పోతుంది. కూరైనా నమ్మడానికి లేదు.

కాయ మొత్తం పక్కన పెట్టు. కత్తిపీట కడుగు. చెయ్యి కడుగు. కూరలో ఎర్ర పీలిక కాయ ఒక్కటే పడుతుంది. రొయ్యలు ఎక్కువ, సొర తక్కువ. ఎవరూ ఏమీ అనరు.

కానీ నీ బుర్రలో ఇంకొకటి తిరుగుతోంది. పొద్దున నీలం పాదుకి సగం నీళ్లే పడ్డాయి. ఎండ ఎక్కువైనా, నీళ్లు చాలకపోయినా సొర చేదెక్కుతుందంటారు. అది కూడా నిజమే. మరి తప్పు నీళ్లదా, తీగదా?

“ఇంకో పిందె కోసుకురా” అంటుంది అవ్వ. “లేతది. అదీ చేదైతే తీగే చేదు.”

టార్చి తీసుకో. కర్ర తీసుకో. నేల మీద కొడుతూ నడువు, వేసవి రాత్రి పాములు చల్లదనానికి పాదుల దగ్గరికే చేరతాయి. దూరంగా రొయ్యల గుంటల్లో ఏరేటర్లు గిలకొట్టుకుంటున్నాయి. పందిరంతా తెల్లపూలు. నీలం తీగ పిందె తుంచు. అక్కడే, నిలబడే, అంచు కొరుకు.

చేదు.

ఉమ్మెయ్.

ఇక అనుమానం పెద్దగా లేదు. ఎక్కడో బుర్రల కోసం పెంచిన చేదు సొరో, కంచెన మొలిచిన అడివి సొరో ఉండి ఉంటుంది. కిందటేడు ఏ పురుగో దాని పుప్పొడి తెచ్చి ఇక్కడి పువ్వులో వదిలింది. ఆ ఏడు కాయ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే కండ తల్లిది. తేడా గింజలోకి పోతుంది. గింజ మొలిచి, పందిరెక్కి, కాయ కాసేదాకా కంటికి కనపడదు. ఆకు చూసి చెప్పలేవు, పువ్వు చూసి చెప్పలేవు. నాటు గింజకి షరతు ఉందని పొద్దున అనుకున్నాం కదా, ఇదే అది. ఏటా ఎవరో ఒకరు పువ్వు కట్టాలి, ఏటా ఎవరో ఒకరు పచ్చి ముక్క నాలుక మీద పెట్టాలి.

టార్చి వెలుగులో ఏదో కదిలింది. రెక్కలు. పువ్వు ముందు గాల్లోనే నిలబడి, పొడుగు తొండం లోపలికి దించుతోంది. హాక్‌మాత్. ఇంకొకటి. అవి వచ్చింది ఏ తీగ పువ్వు దగ్గరికి?

తొందరగా. నువ్వు కట్టిన పువ్వు భద్రం. పక్కింటివాళ్లకి పువ్వులు కట్టే అలవాటు లేదు. వాళ్ల పందిరి మీద కూడా ఇప్పుడు పూలు విచ్చుకునే ఉన్నాయి. వాళ్లూ గింజ దాచుకుంటారు.

తీగ మొదలు కోసేస్తే చాలదు. కోసిన తీగ మీద పువ్వు తెల్లారేదాకా బతికే ఉంటుంది, పుప్పొడి ఉంటుంది. ముందు పూలు తుంచాలి. కానీ ఏవి? పందిరి మీద మూడు తీగలూ కలిసిపోయాయి. మొదట్లో నీలం పీలిక పట్టుకో. వేళ్లతో కాండం వెంట పైకి పో. ఇక్కడ రెండుగా చీలింది. ఎడమ కొమ్మ. నులితీగ తెంచు. పువ్వు. తుంచు. ముందుకి. ఇంకో పువ్వు. తుంచు. కుడి కొమ్మ. గరుకు ఆకులు మోచేతికి గీసుకుంటున్నాయి. చెమట కళ్లలోకి. తుంచు. వల చివర్న ఒకటి, అందట్లేదు. గుంజ మీద కాలు పెట్టు. అందింది. తుంచు. సంచిలో వెయ్. ఇప్పుడు కత్తి. మొదలు కోసెయ్.

అయిపోయింది.

వెనక నుంచి అవ్వ గొంతు. “సాయంత్రం కట్టినావే పసుపు దారం కాయ, దానికి మగపువ్వు ఏ తీగది?”

నీకు గుర్తుంది. ఒకటి ఎర్ర తీగది. రెండోది నీలం తీగది.

పిందె పచ్చగా, నిక్కబొడుచుకుని ఉంది. తల్లి మంచిదే. కాయ పెరిగాక, రుచి చూసే, కూర వండుకోవచ్చు. గింజకి మాత్రం పనికిరాదు. పసుపు దారం విప్పెయ్.

మర్నాడు తెల్ల పీలిక తీగ కాయ కూడా కోసి రుచి చూడు. తియ్యగా ఉంది. ఆ సాయంత్రం ఎర్ర తీగ ఆడమొగ్గ, ఎర్ర తీగ, తెల్ల తీగ మగమొగ్గలు కట్టు. కొత్త పిందెకి పసుపు దారం. నీలం పాదు ఖాళీ కాబట్టి దొరువు నీళ్లు ఆ రెండింటికీ బాగానే సరిపోతాయి. ఇక ఆ కాయని తీగ మీదే ముదరనివ్వు. తొక్క కర్రబారి, కాడ ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమన్నాక కొయ్యి. పొయ్యి పొగ తగిలేచోట వేలాడదీసి, తర్వాత గింజలు తీసి బూడిద కలిపి డబ్బాలో పొయ్యి.

అన్నీ నీ దగ్గరే పెట్టుకోకు. 1984 నవంబరు తుఫానూ, 1989 నవంబరు తుఫానూ ఈ ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరాన్నే తాకాయి. ఇల్లు మునిగితే అటకెక్కించిన డబ్బా కూడా మిగలదు. నాలుగిళ్లలో ఉన్న గింజ ఎక్కడో ఒకచోట బతుకుతుంది. రైతులు గింజ దాచుకోవడానికీ, ఇచ్చిపుచ్చుకోవడానికీ, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికీ 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఒప్పుకుంటుంది.

నువ్వు ఇచ్చే పొట్లం మీద రెండు మాటలు రాయి: పువ్వు కట్టి తీసిన గింజ, తల్లి తీగల కాయలు రుచి చూసినవి. నువ్వు ఎవరి దగ్గరైనా సొర గింజ తీసుకుంటే ఆ రెండూ అడుగు. జవాబు రాకపోతే గింజ పెట్టుకోవచ్చు, తప్పులేదు. మొదటి కాయ మాత్రం పొయ్యి మీద పడేముందు గోరంత పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూడు.